కొలంబియాలో ఒక రోజు: బంగారం తరలిపోయిన ఊరి గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటున్న పాఠకులు ఈ నెల రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఊరి గురించి ఉన్నాయి. సియెరా నెవాడా కొండల దిగువన, టువాలమీ కౌంటీలో, సొనోరా పట్నానికి నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్న కొలంబియా ఆ ఊరు. అక్కడ 1850 మార్చిలో బంగారం బయటపడింది. 1945లో కాలిఫోర్నియా రాష్ట్రం ఊరి నడిబొడ్డును చారిత్రక ఉద్యానవనంగా తీసుకుని, పాడుపడుతున్న ఇటుక కట్టడాలను బాగుచేయించింది. నేను ఆ ఊరికి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాను. నాకు ఎంతో ఇష్టమైన చోటు కనుక ఈ నెల శీర్షిక మొత్తం దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అత్తగారు, మామగారు అనంతపురం నుంచి వచ్చి రెండు నెలలు అయింది. మామగారికి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. పిల్లలకు పదకొండు, ఏడు ఏళ్లు. అందరికీ సరిపోయేలా కొలంబియాలో ఒక రోజు ఎలా గడపాలో, ముందు ఏది చూడాలో చెప్పగలరా? (ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్)

జవాబు: తప్పకుండా వెళ్లండి. మీ ఇంటి నుంచి కారులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. 580, 205 రహదారుల మీదుగా మాంటెకా చేరి, అక్కడి నుంచి 120వ నంబరు దారిలో ఓక్‌డేల్ దాటితే మైదానంలోని తోటలు అయిపోయి, ఎండిన గడ్డి పరుచుకున్న గుండ్రటి గుట్టలు మొదలవుతాయి. ఆ గుట్టలను చూసి మీ మామగారికి సొంత ఊరు గుర్తుకొచ్చినా ఆశ్చర్యం లేదు. జేమ్స్‌టౌన్, సొనోరా దాటాక 49వ నంబరు రహదారి మీద కొద్ది దూరం వెళ్లి, పారట్స్ ఫెర్రీ రోడ్డులోకి తిరగాలి. బంగారం కోసం 1849లో కాలిఫోర్నియాకు పోటెత్తిన జనాన్ని ‘నలభైతొమ్మిదివారు’ అని పిలిచేవారు. రహదారికి ఆ అంకె వారిని తలచుకునే పెట్టారు. ఈ మాట పిల్లలకు కారులోనే చెప్పండి.

ఉదయం పది గంటలకల్లా ఊరు చేరేలా బయలుదేరండి. జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నపు ఎండ పెద్దవారు భరించేది కాదు. ఏప్రిల్, మే నెలలు గానీ, అక్టోబరు గానీ అన్నిటికన్నా మంచివి. ప్రవేశ రుసుము లేదు. ప్రధాన వీధిలోకి కార్లను రానివ్వరు కనుక, బండి ఊరి అంచున నిలిపి నడవాలి. నడక తక్కువే, పైగా నేల చదును. అయితే దుకాణాల ముందు పరిచిన చెక్క బల్లల మీద అక్కడక్కడ ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి మామగారి చేతికర్ర మరచిపోవద్దు.

నా సలహా మాత్రం మామూలుగా అందరూ చెప్పేదానికి కొంచెం భిన్నంగా ఉంటుంది. కారు దిగగానే వీధిలోకి వెళ్లకండి. ముందుగా ఊరి పక్కన, చెట్ల మధ్య నిలబడి ఉన్న బూడిద రంగు రాళ్ల దగ్గరికి వెళ్లండి. వాటి సంగతి తరువాతి జవాబులో వివరంగా రాశాను. ఆ రాళ్లను చూడకుండా వీధిలోకి వెళ్లినవారికి కొలంబియా అందమైన పాత బజారుగా మాత్రమే కనిపిస్తుంది. వాటిని చూసి వెళ్లినవారికి ప్రతి ఇటుక గోడ వెనుకా పని కనిపిస్తుంది.

తరువాత వీధిలో కమ్మరి కొలిమి దగ్గర ఆగండి. తిత్తులు, దాగలి, పట్టకారు అన్నీ మీ మామగారికి తెలిసినవే. మా నాన్నగారు అక్కడ అరగంట నిలబడి, నాగటి కర్రుకు పదును పెట్టడం ఎలాగో మా పిల్లలకు చెప్పిన రోజు నేను ఇంతవరకూ మరచిపోలేదు. మనవళ్లకు తాతగారు పాఠం చెప్పగలిగిన చోటు అమెరికాలో అంత సులువుగా దొరకదు. కొలిమి తరువాత 1858లో కట్టిన వెల్స్ ఫార్గో అనే రవాణా, బ్యాంకు సంస్థ కార్యాలయంలో బంగారం తూచిన త్రాసులు చూడండి. ఊరి ఉత్తరపు చివర, కొంచెం మిట్ట మీద, 1860లో కట్టిన రెండంతస్తుల ఇటుక బడి ఉంది. 1937 వరకూ అందులో పాఠాలు జరిగాయి. శిథిలమైన ఆ బడిని తిరిగి నిలబెట్టడానికి కాలిఫోర్నియా ఉపాధ్యాయులు, బడి పిల్లలు పైసా పైసా పోగుచేసి ఇచ్చారని మీ పిల్లలకు తప్పక చెప్పండి. అక్కడికి మాత్రం మామగారిని నడిపించకండి, కారులో తీసుకువెళ్లవచ్చు.

గుర్రపు బండి, ఇసుకలో బంగారం వెతకడం మధ్యాహ్న భోజనం తరువాత పెట్టుకోండి. రెండింటికీ విడిగా డబ్బు కట్టాలి. బంగారం వెతికేటప్పుడు ఏడేళ్ల పిల్లవాడు ఎలాగూ తడుస్తాడు కాబట్టి అది చివరికి ఉంటేనే మంచిది. ఇంకో జత బట్టలు పెట్టుకోండి.

ప్రశ్న: నేను సివిల్ ఇంజనీరును. కొలంబియా ఫోటోలలో ఊరి చుట్టూ పళ్ల వరుసలా పొడుచుకువచ్చిన రాళ్లు కనిపించాయి. అవి సహజంగా అలా ఉన్నాయా, ఎవరైనా తెచ్చి నిలబెట్టారా? (ఒక పాఠకుడు, ట్రేసీ)

జవాబు: మీ ప్రశ్న నాకు చాలా సంతోషం కలిగించింది, ఎందుకంటే ఆ ఊరిలో చూడవలసిన మొదటి వస్తువు అదే. ఆ రాళ్లను ఎవరూ తెచ్చి నిలబెట్టలేదు, ఎవరూ చెక్కలేదు. అవి అక్కడే నేల కింద ఉండేవి. వాటి మీద ఉన్న నేలను మనుషులు తీసేశారు.

కొలంబియా అడుగున ఉన్నది చలువరాయి, అంటే వేడికీ ఒత్తిడికీ గట్టిపడిన సున్నపురాయి. సున్నపురాయిని వాన నీరు కాలక్రమంలో కరిగిస్తుంది. మన బెలుం గుహలు అలాగే ఏర్పడ్డాయి. ఇక్కడ నీరు ఆ రాతిలో గుంటలు, చీలికలు, సన్నని సందులు తొలిచింది. పురాతన కాలపు ఏరులు కొండల నుంచి గులకరాళ్లతో పాటు బంగారు రేణువులను మోసుకువచ్చినప్పుడు, బరువైన ఆ రేణువులు ఈ గుంటల్లో, సందుల్లో దిగి నిలిచిపోయాయి. వాటి మీద మట్టి పేరుకుని, గడ్డి మొలిచి, పైకి మామూలు నేలలా కనిపించింది. 1850లో వచ్చినవారు ఆ నేలను గునపాలతో తవ్వి, నీటితో కడిగి, రాతి సందుల్లోని చివరి పిడికెడు ఇసుకను కూడా గోకి తీసుకున్నారు. మీరు ఫోటోలో చూసిన రాళ్ల కొనలు ఒకప్పటి నేలమట్టానికి దగ్గరగా ఉండేవి. ఆ రాళ్ల మధ్య నిలబడి తల పైకెత్తితే, ఒకప్పటి గడ్డి మన తల కన్నా ఎత్తున ఉండేదని అర్థమవుతుంది.

ఇంజనీరుగా మీకు నీటి సంగతి మరింత ఆసక్తి కలిగిస్తుంది. బంగారం ఉన్నా, దాన్ని కడగడానికి కొలంబియాలో ఏడాది పొడవునా పారే ఏరు లేదు. వానలు ఆగితే పని ఆగేది. 1851లో టువాలమీ కౌంటీ వాటర్ కంపెనీ ఏర్పడి కాలువలు తవ్వి నీరు అమ్మడం మొదలుపెట్టింది. నీటి ధర ఎక్కువైందని గని కార్మికులు తిరగబడ్డారు. తమ సొంత సంస్థగా కొలంబియా అండ్ స్టానిస్లాస్ రివర్ వాటర్ కంపెనీని 1854లో స్థాపించి, సుమారు 60 మైళ్ల కాలువను కొండల అంచుల వెంట నిర్మించారు. ఆ పని 1858లో పూర్తయ్యేసరికి పైపొరల్లోని బంగారం తగ్గిపోతూ ఉంది, పెట్టిన డబ్బు తిరిగి రాలేదు, చివరకు ఆ కాలువ వారు ఎవరితో పోటీ పడ్డారో ఆ పాత కంపెనీ చేతిలోకే వెళ్లింది. నీళ్లు వచ్చేనాటికి పంట కాలం దాటిపోవడం ఎలాంటి బాధో రాయలసీమ వారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు.

రాళ్ల మధ్య నడిచేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మూడేసి ఆకుల గుత్తులతో ఉండే పాయిజన్ ఓక్ అనే పొద ఆ ప్రాంతంలో పెరుగుతుంది. తగిలితే దద్దుర్లు వస్తాయి. ఎండాకాలంలో గిలకపాములు కూడా రాళ్ల నీడలో ఉంటాయి కాబట్టి పిల్లలు సందుల్లో చేతులు పెట్టకుండా చూడాలి.

ప్రశ్న: ఆ ఊరు నిజంగా పాతదేనా, పర్యాటకుల కోసం సినిమా సెట్టులా కట్టారా? డబ్బు పెట్టి కట్టిన బొమ్మ ఊరికి అంత దూరం వెళ్లడం నాకు ఇష్టం లేదు. (ఒక పాఠకుడు, శాన్‌హోసే)

జవాబు: పాతదే. ఆస్ట్రేలియాలోని బల్లారాట్‌లో సావరిన్ హిల్ అనే ప్రసిద్ధమైన బంగారు ఊరు ఉంది; అది 1970లో, పాత చిత్రాలను, పత్రాలను చూసి కొత్తగా కట్టిన ప్రదర్శనశాల. దానికి దాని విలువ ఉంది. కొలంబియా అలాంటిది కాదు. వీధిలోని ఇటుక భవనాల్లో చాలావరకు 1850ల నాటివి, వాటిని ఉన్నచోటనే మరమ్మతు చేశారు. జనం తగ్గినా, ఊరు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాలేదు. చుట్టుపక్కల ఇప్పటికీ కుటుంబాలు నివసిస్తున్నాయి.

మొదట ఊరంతా గుడారాలు, చెక్క ఇళ్లు. 1854లో నిప్పంటుకుని వ్యాపార వీధి దాదాపుగా కాలిపోయింది. ఆ తరువాత ఇటుకతో కట్టి, కిటికీలకూ వాకిళ్లకూ ఇనుప తలుపులు బిగించారు. 1857లో మళ్లీ పెద్ద మంట వచ్చింది. ఆ దెబ్బతో ఊరివారు అగ్నిమాపక యంత్రం కోసం వెతికి, 1859లో ‘పపీటే’ అనే చేతి పంపును కొన్నారు. తాహితీ దీవికి పంపడానికి తయారైన చిన్న యంత్రం అది, అందుకే దానికి ఆ దీవి పట్నం పేరు. ఇప్పటికీ ఊరిలో ఉంది. రంగులు వేసిన దాని పక్కలను చూడండి.

మిగిలిన ఇళ్లు ఏమయ్యాయి అన్నదే అసలు తెలుసుకోవలసింది. బంగారం తగ్గి జనం వెళ్లిపోయాక, 1870లలో, 1880లలో ఖాళీ భవనాలను కూల్చి, వాటి అడుగున ఉన్న నేలను కూడా కడిగి బంగారం తీసుకున్నారు. కాబట్టి ఆ వీధిలో రెండు భవనాల మధ్య ఖాళీ కనిపిస్తే అది వట్టి ఖాళీ స్థలం అనుకోవద్దు. ఒకప్పుడు అక్కడ ఒక దుకాణమో, ఇల్లో ఉండి ఉండవచ్చు.

ప్రశ్న: పళ్లెంలో ఇసుక వేసి బంగారం తీయడం పిల్లలకు నిజంగా నేర్పవచ్చా? అందులో దొరికేది అసలు బంగారమేనా? దొరికింది ఇంటికి తెచ్చుకోవచ్చా? (ఇద్దరు పాఠకులు ఇదే అడిగారు: ప్లెజంటన్, శాక్రమెంటో)

జవాబు: నేర్పవచ్చు, మీకన్నా బాగా మీ అమ్మగారు నేర్పుతారు. ఇది హాస్యానికి చెప్పడం లేదు. బియ్యం గాలించి రాళ్లు తీసిన చేతికి ఈ పని మూడు వంతులు తెలుసు. గాలించడం అనే మాటకు మన భాషలో నీటిలో తిప్పి వేరుచేయడం, వెతకడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. బంగారం వెతికేవారు చేసిన పనికి ఆ రెండూ సరిపోతాయి. తేడా ఒక్కటే. బియ్యం గాలించేటప్పుడు తేలికైన బియ్యాన్ని నీటితో పాటు వేరే గిన్నెలోకి వంచుకుని, అడుగున మిగిలిన రాళ్లను పారేస్తాము. ఇక్కడ పైకి వచ్చిన ఇసుకను పారబోసి, అడుగున మిగిలినదాన్ని దాచుకుంటాము.

పళ్లెంలో సగానికి ఇసుక వేసి, నీటిలో పూర్తిగా ముంచి, ముందుగా చేతితో బాగా కలిపి మట్టి ఉండలను విడదీయాలి. తరువాత పళ్లేన్ని అటూ ఇటూ గట్టిగా కుదపాలి. బంగారం సాంద్రత నీటికి 19 రెట్లకు పైగా, మామూలు ఇసుకది రెండున్నర రెట్ల కన్నా కాస్త ఎక్కువ; అందువల్ల కుదిపినకొద్దీ బంగారం కిందికి దిగుతుంది. అప్పుడు పళ్లేన్ని ముందుకు కొంచెం వంచి, నీటిని అలలా పైకి లాగి పైపొరను జారవిడవాలి. మళ్లీ కుదపాలి, మళ్లీ జారవిడవాలి. చివరికి చెంచాడు నల్ల ఇసుక మిగులుతుంది. అది ఇనుప ఖనిజం. ఇక్కడే తొందరపడి పిల్లలు అంతా పారబోసేస్తారు. ఆ నల్ల ఇసుక అంచునే బంగారం ఉంటుంది. కొంచెం నీరు పోసి నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే, నలుపు ముందుకు కదిలి వెనుక పసుపు చుక్క కనిపిస్తుంది.

మెరిసేదంతా బంగారం కాదని నేర్పడానికి కూడా అదే సరైన చోటు. మా గూడూరు వైపు వారికి అభ్రకం బాగా తెలుసు. ఆ రేకులు ఇసుకలో కలిసి మెరుస్తూ పిల్లలను మోసం చేస్తాయి. పైరైట్ అనే ఖనిజం కూడా పసుపుగానే ఉంటుంది. పళ్లేన్ని మీ నీడలోకి తెచ్చి చూడండి: నీడలోనూ అదే పసుపుతో నిలకడగా కనిపిస్తే బంగారం, నీడలో మెరుపు పోతే మరొకటి. సూదితో నొక్కితే బంగారం అణుగుతుంది, పైరైట్ పొడి అవుతుంది.

డబ్బు కట్టి వెతికే తొట్టెల్లో దొరికిన రేణువు మీదే. చిన్న సీసాలో నీటితో పాటు వేసుకుని తెచ్చుకోండి. దాని ఖరీదు మీరు కట్టిన రుసుము కన్నా తక్కువే ఉంటుంది. ఉద్యానవనంలోని మిగతా నేల నుంచి మాత్రం రాయి గానీ, మేకు గానీ, ఆకు గానీ తీయకూడదు, అది చట్టం.

ఇక్కడ ఒక విషయం కలిపి చెప్పాలి. పళ్లెంతో ఒక మనిషి రోజంతా కొద్దిపాటి ఇసుకనే గాలించగలడు కనుక, త్వరలోనే ఊయలలా ఊపే పెట్టెలు, ఆ తరువాత అడ్డపట్టీలు బిగించిన పొడవాటి చెక్క కాలువలు వచ్చాయి. సన్నని బంగారాన్ని పట్టుకోవడానికి ఆ అడ్డపట్టీల వెనుక పాదరసం పోసేవారు. ఆ పాదరసం ఎక్కువగా శాన్‌హోసే పక్కనే ఉన్న న్యూ ఆల్మడెన్ గనుల నుంచి వచ్చేది. నీటితో పాటు ఎంతో పాదరసం ఏరుల్లో కలిసిపోయింది. బే ఏరియాలో పట్టిన కొన్ని చేపలను మితంగా తినమని ఇప్పటికీ హెచ్చరికలు పెడుతున్నారంటే దానికి ఆనాటి గనులు ఒక ముఖ్య కారణం. ఆల్మడెన్ ప్రాంతంలో ఇళ్లు కొనుక్కున్న మనవారు చాలామంది ఉన్నారు. వారి ఇంటి వెనుక కొండకూ, కొలంబియా రాళ్లకూ ఉన్న సంబంధం ఇది.

ప్రశ్న: మా అమ్మాయి నాలుగో తరగతి. బడిలో బంగారం వేట గురించి ప్రాజెక్టు ఇచ్చారు. పుస్తకంలో అంతా సాహసంలా ఉంది. అక్కడ ముందు నుంచి ఉన్నవారి గురించి, చైనా నుంచి వచ్చినవారి గురించి ఆమె అడిగితే నేను సరిగా చెప్పలేకపోయాను. తొమ్మిదేళ్ల పిల్లకు ఎంతవరకు చెప్పాలి? (ఒక తల్లి, డబ్లిన్)

జవాబు: ఆమె అడిగింది కాబట్టి నిజం చెప్పండి, తొమ్మిదేళ్ల పిల్లలకు న్యాయం, అన్యాయం పెద్దవాళ్ల కన్నా త్వరగా అర్థమవుతాయి.

ఆ కొండలు మీవాక్ అనే ఆదివాసీ ప్రజలవి. ఓక్ చెట్ల కాయలను దంచి, పిండిని నీటితో పదేపదే కడిగి చేదు పోగొట్టి, వండుకుని తినేవారు. బంగారం కోసం వచ్చినవారు ఆ చెట్లను నరికారు, చేపలున్న ఏళ్లను బురద చేశారు. కాలిఫోర్నియా 1850లో చేసిన ఒక చట్టం, ఆదివాసుల రక్షణ అని పేరు పెట్టుకుని, వారిని పట్టి పనిలో పెట్టుకోవడానికి వీలు కల్పించింది. కాలిఫోర్నియాలో బంగారం దొరికిన 1848 నాటికి అక్కడ ఆదివాసులు సుమారు 1,50,000 మంది ఉండేవారని చరిత్రకారుల అంచనా. పాతికేళ్లు తిరగకముందే రోగాలు, ఆకలి, హత్యల వల్ల ఆ సంఖ్య 30,000 దగ్గరికి పడిపోయింది. హత్యల వివరాలు ఇప్పుడు చెప్పనక్కరలేదు, కానీ హత్యలు జరిగాయన్న మాటను దాచవద్దు. మీవాక్ ప్రజలు ఇప్పటికీ టువాలమీ కౌంటీలో ఉన్నారు. ఈ ఒక్క వాక్యాన్ని ప్రాజెక్టులో తప్పక రాయించండి, ఎందుకంటే పుస్తకాలు వారి గురించి ఎప్పుడూ భూతకాలంలోనే చెబుతాయి.

సొనోరా పట్నాన్ని స్థాపించినది మెక్సికోలోని సొనోరా నుంచి వచ్చిన గని పనివారు. 1850లో విదేశీ గని కార్మికుల మీద నెలకు 20 డాలర్ల పన్ను వేయడంతో మెక్సికో, చిలీ దేశాల వారు వేల సంఖ్యలో వెళ్లిపోయారు. మరుసటి సంవత్సరం ఆ పన్ను తీసేసి, 1852లో నెలకు 3 డాలర్లుగా మళ్లీ తెచ్చారు. ఈసారి దాని భారం ఎక్కువగా చైనీయుల మీద పడింది. 1854లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు, తెల్లవారికి వ్యతిరేకంగా చైనీయులు చెప్పే సాక్ష్యం చెల్లదని తీర్పునిచ్చింది. అంటే దోచుకున్నవాడి మీద ఫిర్యాదు చేయడానికి కూడా వారికి దారి లేదు. కొలంబియా గనుల ప్రాంతం తనకు తాను రాసుకున్న నిబంధనల్లో, ఆసియావారు అక్కడ తవ్వకూడదన్న నిబంధన కూడా ఉండేది. మీ అమ్మాయి ఆ వీధిలో నిలబడి ఉన్నప్పుడు ఈ సంగతి చెప్పండి. ఆ నిబంధన ప్రకారం మనకూ అక్కడ చోటు ఉండేది కాదని ఆమెకు వెంటనే అర్థమవుతుంది. నేను మొదటిసారి దాన్ని చదివినప్పుడు చాలాసేపు మాట్లాడలేకపోయాను.

మరో రోజు వీలు చేసుకుని, ఉత్తరాన పైన్ గ్రోవ్ దగ్గర ఉన్న ఇండియన్ గ్రైండింగ్ రాక్ ఉద్యానవనానికి తీసుకువెళ్లండి. అక్కడ ఒకే చలువరాతి బండ మీద 1,185 రోళ్ల గుంటలు ఉన్నాయి. తరతరాల ఆడవారు పక్కపక్కన కూర్చుని దంచి దంచి చేసిన గుంటలు అవి. రోలు, రోకలి చూసిన అమ్మమ్మ పక్కన ఉంటే ఆ బండ గురించి ఇంకే వివరణా అక్కరలేదు.

ప్రశ్న: శాకాహారులం. అక్కడ భోజనం దొరుకుతుందా? (ఒక పాఠకురాలు, మౌంటెన్ హౌస్)

జవాబు: ఊరిలో తినుబండారాల దుకాణాలు ఉన్నాయి కానీ పెద్దవారికి నప్పే శాకాహారం తక్కువ. పులిహోర, దద్ధ్యోదనం కట్టుకెళ్లండి. చెట్ల కింద బల్లలు ఉన్నాయి. తప్పకుండా సార్సపరిల్లా అనే తీపి పానీయం తాగించండి. మన నన్నారిని, అంటే సుగంధిపాలను, ఆంగ్లేయులు ‘ఇండియన్ సార్సపరిల్లా’ అని పిలిచారు. మొక్కలు వేరు, కానీ నన్నారి షర్బత్ తాగి పెరిగినవారికి ఆ రుచి కొత్తగా అనిపించదు.

ప్రశ్న: మా నాన్నగారు కోలారు బంగారు గనుల్లో పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. మాది కుప్పం దగ్గర పల్లెటూరు. అక్టోబరులో ఇక్కడికి వస్తున్నారు. కొలంబియా చూపిస్తే ‘ఇది గనేనా’ అంటారేమోనని సందేహం. ఆయనకు నచ్చుతుందా? (ఒక పాఠకుడు, శాన్ రామోన్)

జవాబు: మీ సందేహం సరైనదే. కొలంబియాలో తీసింది మట్టిలో, గులకరాళ్లలో కలిసి ఉన్న బంగారం. గునపం, నీరు ఉంటే చాలు. మీ నాన్నగారు చూసింది రాతిలో బంధించి ఉన్న బంగారం. న్యూజిలాండ్ యుద్ధాల్లో పనిచేసి వచ్చిన మైకేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు 1873లో కోలారులో అన్వేషణకు అనుమతి కోరడం, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ వారు రావడం, శివనసముద్రం నుంచి 1902లో కరెంటు రావడం ఆయనకు కంఠతా వచ్చి ఉంటాయి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాల శ్రమ అది. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాయి.

అందుచేత ఆయనను ముందుగా జాక్సన్‌కు తీసుకువెళ్లండి. అదే 49వ నంబరు రహదారి మీద కొలంబియాకు ఉత్తరాన ఉంది. అక్కడి కెనడీ గని 5,912 అడుగుల లోతుకు దిగి, 1942లో మూతపడింది. గని బావి మీద నిలిపే 125 అడుగుల ఇనుప గోపురం, అంటే హెడ్‌గేర్, ఇంకా నిలబడి ఉంది. కోలారు షాఫ్టుల మీద చూసినదాన్ని ఆయన దూరం నుంచే గుర్తుపడతారు. గని వ్యర్థాన్ని కొండ మీదుగా దాటించడానికి 1914లో కట్టిన 58 అడుగుల వ్యాసం గల చెక్క చక్రాలు దగ్గరలోనే ఉన్నాయి. పొరుగున ఉన్న ఆర్గొనాట్ గనిలో 1922లో నిప్పంటుకుని 47 మంది కార్మికులు లోపలే చనిపోయారు. ఆ సంగతి ఆయనతో చెప్పేటప్పుడు నెమ్మదిగా చెప్పండి. గనిలో పనిచేసినవారికి అలాంటి వార్త సొంత ఇంటి వార్త లాంటిది. కెనడీ గని సందర్శనలు వసంతం నుంచి అక్టోబరు వరకు వారాంతాల్లో జరుగుతాయి కాబట్టి, ఆయన టికెట్టు అక్టోబరు మొదటి వారానికే తీసుకోండి.

ఉదయం జాక్సన్‌లో గడిపితే, గంటన్నరలోపే కొలంబియా చేరవచ్చు. మధ్యాహ్నపు నీడ పడ్డాక ఆ బూడిద రంగు రాళ్ల మధ్యకు నాన్నగారిని తీసుకువెళ్లి, నేల ఎంత లోతుకు పోయిందో మీరే చెప్పకుండా ఆయననే అడగండి. చేతిలో చిన్న టార్చి ఉంటే ఇవ్వండి; రాతి సందుల్లోకి చూడకుండా ఆయన ఉండలేరు.